శామ్యూల్ పేర పది విస్తళ్ళు

ఆ గురువారం ఉదయం ఝాన్సీలక్ష్మి పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, శనివారం గారెలకు ఎంత మినప్పప్పు నానబొయ్యాలో తేల్చుకోవడం. రెండోది, ఆ గారెలు తినడానికి పదిమందిని పిలవడం. మొదటిదే కష్టం అనుకుంది. కెనడాలోని ఈ విండ్సర్‌లో బస్సెక్కితే సగం సీట్లలో తెలుగు పిల్లలే కనబడుతున్న రోజులవి. కాలేజీల్లో చేరడానికి ఒక్కో విమానానికి ఇంతమంది చొప్పున దిగుతున్నారు. ఇంటి భోజనం పెడతానంటే పదిమంది రారా?

భోజనాలు శామ్యూల్ పేర. శామ్యూల్ ప్రిచర్డ్ ఝాన్సీలక్ష్మికి ఏమీ కాడు. పక్కింటి డోరతీకి ముత్తాత, అంటే వాళ్ళ అమ్మమ్మ తండ్రి. ఎనభై మూడేళ్ళ డోరతీకి చూపు మసకబారి డ్రైవింగ్ లైసెన్సు పోయినప్పటి నుంచీ, మంగళవారాలు ఆవిడను లైబ్రరీకి తీసుకెళ్ళి తీసుకొచ్చే పని ఝాన్సీలక్ష్మి పెట్టుకుంది. లైబ్రరీలో పాత తరాలను వెతుక్కునేవాళ్ళకు ఒక మూల బల్ల వేసి ఉంటుంది. నాలుగేళ్ళుగా డోరతీ ఆ బల్ల దగ్గర కూర్చుని శామ్యూల్‌ని వెతుకుతోంది.

శామ్యూల్‌ది ఒహాయో. సొంత పొలం కొనుక్కోవాలన్న ఆశతో పెళ్ళాన్నీ పసిపిల్లనూ వెంటబెట్టుకుని అయోవా వెళ్ళి, ఎవరి పొలంలోనో పనికి కుదిరాడు. కోతల కాలంలో జ్వరం వచ్చి పోయాడు. అప్పటికి అతనికి ఇరవై ఐదేళ్ళు. అతని పెళ్ళాం పిల్లనెత్తుకుని, ఇక్కడ ఎసెక్స్‌లో ఉన్న అక్కగారింటికి వచ్చేసింది. ఆ పసిపిల్లే డోరతీ అమ్మమ్మ. తొంభై ఏళ్ళు బతికింది. తల్లి తనకు చెప్పిన మాటే మనవరాలికి చెబుతుండేదిట. "మా నాన్నను పాతిపెట్టినప్పుడు మా అమ్మా, ఒళ్ళో నేనూ, గుంట తవ్విన ఇద్దరూ తప్ప మనిషన్నవాడు లేడు. ఆ ఇద్దరూ టోపీలైనా తీయలేదు."

ఆగస్టులో శామ్యూల్ పేరు దొరికింది. దిక్కులేని వాళ్ళకు అక్కడి కౌంటీ సర్కారు ఖర్చుతో చేసిన ఖననాల్లో, 1871లో. సమాధి ఎక్కడో రాసి లేదు. తేదీ కూడా లేదు. తిరిగి వస్తుంటే కారులో డోరతీ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏ రోజు పోయాడో తెలియదు జాన్సీ. ఏ రోజని తలుచుకోను?"

"మాకు దానికీ ఒక రోజుంది" అంది ఝాన్సీలక్ష్మి. మహాలయ పక్షాల సంగతి, చివర వచ్చే అమావాస్య సంగతి చెప్పింది. ఎప్పుడు పోయారో తెలియనివాళ్ళకు, పెట్టే దిక్కు లేనివాళ్ళకు, అందరికీ కలిపి ఆ రోజు పెట్టవచ్చని చెప్పింది. మాటల్లో మాటగా తన మామగారినీ, ఆయన తండ్రినీ, ఆయన తండ్రినీ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పింది. తద్దినాల రోజున వంటింట్లోంచి ఏటేటా విని విని నోటికొచ్చిన పేర్లవి.

డోరతీ ఆవిడ వైపు తిరిగి చూసింది. "లైబ్రరీకి వెళ్ళకుండానే?"

అక్టోబరు నెలాఖరుకు డోరతీ ఇల్లు ఖాళీ చేస్తోంది. ఇల్లు అమ్ముడైపోయింది. కింగ్‌స్టన్‌లో ఉన్న మేనకోడలు అక్కడ ఒక వృద్ధుల నివాసంలో గది చూసింది. డోరతీకి పిల్లలు లేరు. "నేను పోయాక శామ్యూల్ పేరెత్తేవాళ్ళు ఈ భూమ్మీద ఉండరు" అందావిడ, ఎర్రలైటు దగ్గర.

ఝాన్సీలక్ష్మి ఆలోచించకుండా మాటిచ్చేసింది. "అక్టోబరులో ఆ అమావాస్య శనివారం వచ్చింది. పదిమందికి తక్కువ కాకుండా శామ్యూల్ పేర మా ఇంట్లో అన్నం తింటారు. నాదీ పూచీ."

అందుకే గురువారం పొద్దున్నే ఫోను పట్టుకుని, 'విండ్సర్ తెలుగు కుటుంబం' గ్రూపులో పెట్టడానికి మెసేజీ రాసింది. డోరతీ అమ్మమ్మతో మొదలుపెట్టి, లైబ్రరీ మీదుగా అయోవా చేరి, మహాలయ పక్షాలతో ముగించింది. పంపే ముందు భర్తకు చూపించింది.

జనార్ధనరావు కార్ల ఫ్యాక్టరీలో క్వాలిటీ తనిఖీలో పనిచేసి రిటైరయ్యాడు. అక్కర్లేని మర ఒక్కటి కనబడినా ఊడబీకేదాకా ఆయనకు నిద్రపట్టదు.

"ఇది మెసేజా, హరికథా?" అన్నాడు. "ఎవరు చదువుతారే ఇంత? ఇలా ఇవ్వు. ఈ అమ్మమ్మ ఎందుకు? తీసెయ్. ఈ సంవత్సరం ఎందుకు? అన్నం తినడానికొచ్చేవాడికి సంవత్సరంతో పనేమిటి? అయోవా, ఒహాయో, అక్కర్లేదు. డోరతీ ఎవరో పిల్లలకు తెలియదు, తీసెయ్."

"ఇంకేం మిగిలిందండీ?"

"మిగలాల్సిందే మిగిలింది. చూడు, ఎంత శుభ్రంగా ఉందో." చదివి వినిపించి, తనే పంపించేశాడు.

మిగిలింది ఇదీ: 'శామ్యూల్ జ్ఞాపకార్థం శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో భోజనాలు. ఇరవై ఐదేళ్ళ కుర్రాడు. ఊరుకాని ఊళ్ళో పొలం పనికి వెళ్ళి జ్వరంతో పోయాడు. దగ్గర ఎవరూ లేరు. దయచేసి అందరూ రండి.'

విండ్సర్‌కు కాస్త దూరంలో, లీమింగ్టన్‌లో, కనుచూపుమేర టమాటా గ్రీన్‌హౌసులు. చదువుకోడానికొచ్చిన పిల్లల్లో ఎంతోమంది అక్కడికే పనికి వెళ్ళేది. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో శామ్యూల్ అన్న పేరు లేని వీధి ఉండదు. ఈ రెండు సంగతులూ జనార్ధనరావుకు తెలియనివి కావు. కాకపోతే ఆయన మిగిలినదాన్ని చూసుకుని మురుస్తున్నాడు.

పావుగంటలో ఫోను మోగింది. ఊళ్ళో తెలుగు అసోసియేషన్ అధ్యక్షురాలు బాలత్రిపురసుందరి.

"ఝాన్సీ గారూ, ఇప్పుడే చూశానండీ. నాకు కాలూ చెయ్యీ ఆడటంలేదు. నిజంగా ఇరవై ఐదేళ్ళేనా?"

"నిండీ నిండకుండానేనండీ" అంది ఝాన్సీలక్ష్మి. ఆవిడకు ఎంతో తృప్తిగా అనిపించింది. వినాయకచవితి రోజున గుళ్ళో శామ్యూల్ కథంతా బాలత్రిపురసుందరికి చెప్పింది. అప్పుడావిడ పులిహోర ట్రేలు ఎన్ని వచ్చాయా అని చూస్తోందే గానీ విన్నట్టు లేదు. విననట్టే ఉండి విందన్నమాట!

"పెళ్ళయిందా?"

"అయింది. చేతిలో పసిపిల్ల."

"అయ్యో భగవంతుడా. ఎక్కడ జరిగింది?"

"అయోవాలో."

"అయోవాలోనా? అంటే, బోర్డర్ అవతల?"

"అవతలేనండీ. మొదట ఒహాయోలో ఉండేవాడు. అక్కడ జరక్క అటు వెళ్ళి పొలంలో కుదిరాడు."

అవతల గొంతు బాగా తగ్గింది. "కాయితాలవీ సరిగ్గా ఉన్నాయా?"

"అదే కదండీ బాధ! ఎంత వెతికినా సరైన కాయితమొక్కటి దొరకలేదు."

"ఈ మాట ఇంకెవరితోనూ అనకండి. మిగతా పిల్లల వీసాలకు ఎసరొస్తుంది. నాతో అన్నారు, అయిపోయింది. మరి, బాడీ?"

"అక్కడే ఎక్కడో పాతిపెట్టేశారు. పెట్టె కూడా కౌంటీ వాళ్ళే ఇచ్చారట. మనిషన్నవాడు రాలేదు."

"మన అసోసియేషన్ ఉండీ!" అంది బాలత్రిపురసుందరి. "ఆ అమ్మాయి ఏమైంది?"

"పిల్లనెత్తుకుని ఇక్కడికే వచ్చేసింది, ఎసెక్స్‌లో అక్కగారింటికి. తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకుందిలెండి."

"మళ్ళీ పెళ్ళా? అప్పుడే?"

"ఏం చేస్తుంది పాపం, పిల్లను సాకాలిగా. ఆయన కూడా మంచివాడేనట. పందులు పెంచేవాడు."

బాలత్రిపురసుందరి ఫోనును ఒకసారి చెవి దగ్గర్నుంచి తీసి చూసుకుని మళ్ళీ పెట్టుకుంది. ఎన్నో కష్టాలు చూసిన అధ్యక్షురాలు కాబట్టి త్వరగానే తేరుకుంది. "సరే. అడగాల్సినవి అడిగాను. ఇంక అసోసియేషన్ చూసుకుంటుంది. ఒక్క ఫోటో ఉంటే పంపండి."

"ఒక్కటే ఉంది. పంపిస్తా" అని, ఫోను పెట్టేసి ఝాన్సీలక్ష్మి భర్తతో అంది. "ఎంత మంచి మనిషండీ! నూట యాభై ఏళ్ళ కిందటివాడికి ఎంత బాధపడుతోందో!"

ఫోటోలో శామ్యూల్‌కి సన్నటి మొహం, ఒత్తు గడ్డం, మెడ దాకా గుండీలు పెట్టుకున్న చొక్కా. ఫోటో మొత్తం గోధుమరంగు. గోధుమరంగు ఫోటోలో ఎవరైనా మనవాళ్ళలాగే ఉంటారు. "ఈ కాలం పిల్లలు, ఆ గడ్డాలేమిటో, ఆ ఫిల్టర్లేమిటో. బంగారంలాంటి కుర్రాణ్ణి పాతకాలం వాడిలా చేసుకున్నాడు" అని కమిటీ అంతా నిట్టూర్చిందని తర్వాత తెలిసింది.

తర్వాత తెలిసినవి ఇంకా ఉన్నాయి. అధ్యక్షురాలు ఝాన్సీలక్ష్మిని మినహాయించి అందరికీ విడిగా కబురు పెట్టింది: 'గ్రూపులో ఎవరూ వివరాలు అడగొద్దు. బోర్డర్ వ్యవహారం ఉంది. చందాలు కూడా వద్దు, పేపర్లో పడుతుంది. నమస్కారం మాత్రం పెట్టండి. శనివారం తలా ఒక వంట, పసిపాపకు కావలసిన సామాను తీసుకురండి. తెల్ల బట్టలు.' బోర్డర్ వ్యవహారం అనేసరికి పిల్లలు బిగుసుకుపోయారు. ఝాన్సీలక్ష్మి వాళ్ళ బేస్‌మెంట్‌లో సెప్టెంబరులోనే దిగిన స్పందనను వాళ్ళూ వీళ్ళూ అడిగారు. "నేనెప్పుడూ చూడలేదు గానీ, ఆంటీ, పక్కింటావిడా రోజూ శామ్యూల్ గురించే మాట్లాడుకుంటారు. ఒకరోజు ఏడ్చారు కూడా" అంది ఆ పిల్ల. ఉన్న మాటే అంది. రాత్రికల్లా శామ్యూల్‌ని ఎరిగినవాళ్ళు బయలుదేరారు. టమాటా లైన్లో తన పక్కనే నిలబడేవాడని ఒకడు. తన ఫోన్ ఛార్జర్ అడిగి తీసుకున్నాడని, మంచివాడు, తిరిగిచ్చేశాడని అనంత్ అనే కుర్రాడు.

ఇవతల ఝాన్సీలక్ష్మి గ్రూపు తెరిచి చూస్తే ఒకటే నమస్కారాలు. వస్తామన్నవాడు ఒక్కడు లేడు. జోడించిన చేతులు, జోడించిన చేతులు, జోడించిన చేతులు.

"ఏవండీ, ఇదేమిటి?"

జనార్ధనరావు కళ్ళజోడు సవరించుకున్నాడు. "రామని. పెళ్ళిళ్ళకు మనం వెళ్ళలేకపోతే మనం పెట్టేదీ అదేగా."

"ఇన్ని చేతులు జోడించి ఒక్కరూ రారా?"

"వీకెండ్ కదే. అందరికీ షిఫ్టులు."

శుక్రవారం రాత్రికి కూడా చేతులే తప్ప మనుషుల జాడ లేదు. ఝాన్సీలక్ష్మి పప్పు రుబ్బుతూ ఏడుపు దిగమింగుకుంది. ఆవిడకు గారెలు మిగిలిపోతాయన్న బెంగ లేదు. పక్కింట్లో ఒక ముసలావిడ శనివారానికని నీలంరంగు గౌను ఇస్త్రీ చేసుకుంటోంది. ఆవిడ ముందు పది ఖాళీ కుర్చీలు పెడితే, శామ్యూల్‌కి అప్పుడెవరూ రానట్టే ఇప్పుడూ ఎవరూ రాలేదని చూపించినట్టే కదా!

శనివారం పదకొండింటికే డోరతీ ఆపిల్ పై పట్టుకుని, మెళ్ళో ముత్యాలు వేసుకుని పెరట్లోకి వచ్చేసింది. మేపుల్ ఆకులు రాలిపడుతున్న గడ్డి మీద బల్ల, దాని చుట్టూ పది కుర్చీలు. ఆవిడ వాటిని చేత్తో తడుముతూ ఒక్కొక్కటే దాటి, చివరి దాంట్లో కూర్చుంది.

"ఒక్కరొచ్చినా చాలు జాన్సీ" అంది.

ఝాన్సీలక్ష్మి వంటింట్లోకి వచ్చి భర్త చెయ్యి పట్టుకుంది. "ఏవండీ, ఎవరూ రాకపోతే మీరు చొక్కా మార్చుకుని మళ్ళీ మళ్ళీ వచ్చి కూర్చోండి. ఆవిడకు సరిగా కనబడదు."

"ఎన్నిసార్లే?"

"ఎన్ని చొక్కాలుంటే అన్నిసార్లు."

జనార్ధనరావు రెండో చొక్కా వెతుక్కోవడానికి మెట్లెక్కాడో లేదో, ఇంటి ముందు కారాగింది. అందులోంచి ఐదుగురు దిగారు. ఆ వెనక ఇంకో కారు. దాని వెనక వ్యాను. ఆ వెనక వీధి మలుపు దాకా కార్లు. తెల్ల చొక్కాలు, తెల్ల చుడీదార్లు, వేలాడేసుకున్న మొహాలు. ఒక్కొక్కరి చేతిలో రైస్ కుక్కరో, మూత బిగించిన డేక్షానో. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఝాన్సీలక్ష్మి చెయ్యి పట్టుకుని, ఏమీ మాట్లాడకుండా తలూపి, పెరట్లోకి నడిచారు.

ఝాన్సీలక్ష్మి పదిదాకా లెక్కపెట్టి, ఆనందంతో లెక్క మానేసింది. ఎంత పిచ్చిదాన్ని, ఈ పిల్లలనా అనుమానించింది! ఒకడు డైపర్ల పెట్టె భుజాన వేసుకుని వస్తే, ఎవరింటికో తీసుకెళుతూ దారిలో ఆగాడనుకుంది. ఇంకొకామె ఊయల పట్టుకొస్తే మాత్రం కాస్త ఆలోచనలో పడింది. తెలుగు చర్చి పాస్టరు దయానందం గారు కూడా వచ్చారు. "శామ్యూల్ మన చర్చికి ఎప్పుడూ రాలేదమ్మా, నాకదే బాధగా ఉంది" అన్నారు. "రాలేడు కదండీ" అంది ఆవిడ.

పెరట్లో డోరతీ లేచి నిలబడింది. గుమ్మం దగ్గర పెళ్ళికూతురి తల్లిలా వచ్చిన ప్రతివాడి చెయ్యీ రెండు చేతులతో పట్టుకుంటోంది. "శామ్యూల్ కోసం వచ్చావా? థాంక్యూ. నువ్వూ శామ్యూల్ కోసమేనా? థాంక్యూ." పిల్లలు ఈ తెల్లావిడ ఎవరో తెలియక, శామ్యూల్ ఇంటి ఓనరేమో అనుకుని, "సారీ ఫర్ యువర్ లాస్" అంటున్నారు.

అప్పుడొచ్చింది బాలత్రిపురసుందరి. ఆవిడ వెనక ఇద్దరు కుర్రాళ్ళు పొడవాటి చుట్ట ఒకటి మోసుకొచ్చి, విప్పి, కంచెకు కట్టారు. ఫ్లెక్సీ. అయోవా పొలంలో కూలికెళ్ళిన శామ్యూల్ ప్రిచర్డ్, బంతిపూల దండ మధ్య, నిలువెత్తు. పైన 'అశ్రునివాళి'. కింద 'మా ప్రియ సోదరుడు శామ్యూల్, నీ చిరునవ్వు మేము మరువలేము'. చుట్టూ గుండ్రటి బొమ్మల్లో చేతులు జోడించిన ఎనిమిదిమంది కమిటీ సభ్యులు. అందరికంటే పెద్ద బొమ్మ అధ్యక్షురాలిది.

ఝాన్సీలక్ష్మి ఫ్లెక్సీని చూసింది. డైపర్లను చూసింది. ఊయలను చూసింది.

బాలత్రిపురసుందరి దగ్గరికొచ్చి చెవిలో అడిగింది. "ఆ అమ్మాయి రాలేదా? పందులాయనతో వచ్చినా మనం ఏమీ అనొద్దని అందరికీ చెప్పాను."

"సుందరి గారూ" అంది ఝాన్సీలక్ష్మి సన్నగా. "శామ్యూల్ పోయి నూట యాభై ఏళ్ళయిందండీ."

"ఎవరు?"

"ఈ శామ్యూలే. డోరతీ వాళ్ళ ముత్తాత. మొన్న వినాయకచవితికి చెప్పానుగా."

ఆ మాట వెనకనున్నవాళ్ళు విన్నారు. వాళ్ళ వెనకవాళ్ళకు చెప్పారు. పెరడంతా చల్లబడిపోయింది. బాలత్రిపురసుందరి మొహం తెల్లగా అయి, ఎర్రగా అయింది.

"నూట యాభై ఏళ్ళ కిందట పోయినవాడికా నేను రెండు రాత్రులు నిద్ర మానుకుని ఏడ్చింది?"

"మరి నా ఛార్జర్ తీసుకున్నదెవరు?" అన్నాడు అనంత్, తనలో తను.

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఎవరో కారు తాళాలు తీశారు. మెట్ల మీద రెండో చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ దిగిన జనార్ధనరావు, పెరటినిండా జనాన్ని చూసి, విషయం విని, "నేను సంవత్సరమొక్కటే తీశాను" అన్నాడు. ఝాన్సీలక్ష్మి ఆయన వైపు చూసిన చూపుకు మళ్ళీ రెండు మెట్లు పైకెక్కాడు.

పెరటి ఆ చివర డోరతీ ఇవేమీ తెలియక, ఊయల తెచ్చిన ఆమె చెయ్యి పట్టుకుని ఏదో చెబుతోంది. ఝాన్సీలక్ష్మి అటు ఒకసారి చూసి, ఇటు తిరిగి, తెలుగులోనే, గొంతు పెంచకుండా అంది.

"తప్పు నాదే. మీరెంత తిట్టినా పడతాను, కానీ తర్వాత తిట్టండి. అతనూ మీలాంటివాడే. పని వెతుక్కుంటూ తెలియని ఊరెళ్ళాడు. పాతిపెట్టినప్పుడు గుంట తవ్విన ఇద్దరున్నారట, వాళ్ళు టోపీలైనా తీయలేదట. ఆవిడ అమ్మమ్మ చచ్చిపోయేదాకా ఆ మాటే అనేదట. ఇప్పుడు ఇంతమంది వచ్చారని ఆవిడ మురిసిపోతోంది. మీరు వచ్చింది ఆయన కోసం కాదని తెలిస్తే, మనం ఆయన్ని రెండోసారి ఒంటరిగా పాతిపెట్టినట్టే."

ఫ్లెక్సీ గాలికి టపటపలాడింది.

అనంత్ రాత్రి షిఫ్టు నుంచి తిన్నగా వచ్చాడు. బూట్లకు ఇంకా గ్రీన్‌హౌసు మట్టి ఉంది. "అప్పుడు ఎవ్వలూ రాలే" అన్నాడు నెమ్మదిగా. "ఇప్పుడొచ్చినం గదా ఆంటీ. మళ్ళ వాపసు ఎందుకు పోతం?" అని నెత్తి మీది ఉన్ని టోపీ తీసి జేబులో కుక్కుకున్నాడు.

పక్కవాడు తన టోపీ తీశాడు. వాడి పక్కవాడూ తీశాడు. పెరటినిండా టోపీలు ఒక్కొక్కటే దిగుతుంటే డోరతీ మాట ఆపి, ఇటు తిరిగి, మసక కళ్ళు చికిలించి చూసింది. చూస్తూనే ఉంది.

పాస్టరు దయానందం గారు గొంతు సవరించుకుని ముందుకొచ్చారు. "ప్రభువా, శామ్యూల్ దగ్గరికి నూట యాభై ఏళ్ళు ఆలస్యంగా వచ్చాం. తెలుగువాళ్ళం, క్షమించు" అని మొదలుపెట్టారు. స్పందన డోరతీ చెవిలో దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. డోరతీ ముత్యాలు అదిరేలా నవ్వి, ఆ వెంటనే చేతిరుమాలు వెతుక్కుంది.

ఇక భోజనాలు. పది కుర్చీలు ఎవరికి సరిపోతాయి? గడ్డి మీదే కూర్చున్నారు. పదిమందికి వండిన గారెలు తలా ముక్కే అందినా, వచ్చినవాళ్ళు తెచ్చిన పులిహోరలూ బగారన్నాలూ దొండకాయ వేపుళ్ళూ నలభైమందికి తిన్నంత. మొదటి ముద్ద పెట్టుకునే ముందు శామ్యూల్ అని తలుచుకోమంది ఝాన్సీలక్ష్మి. డోరతీ చేత్తో తినబోయి పరమాన్నం గౌను మీద ఒలకబోసుకుని, "పరవాలేదు, శామ్యూల్‌కి కూడా రాదు" అంది.

తింటూ తింటూ ఆవిడ స్పందనను అడిగింది. "మీ అందరికీ ముత్తాతల పేర్లు నోటికొస్తాయటగా, జాన్సీ చెప్పింది. మీ ముత్తాత పేరేమిటి?"

స్పందన నోట్లో ముద్ద అక్కడే ఆగిపోయింది. పక్కవాణ్ణి చూసింది. వాడు అనంత్‌ని చూశాడు. అనంత్ పప్పులోకి చూశాడు. కాసేపట్లో పెరట్లో సగంమంది ఎడంచేత్తో ఫోన్లు పట్టుకుని ఇంటికి చేస్తున్నారు. "అమ్మా, తాతయ్య వాళ్ళ నాన్న పేరేంటి?" "ఏం లేదమ్మా, బాగానే ఉన్నా. నిజంగా ఏం లేదు. పేరు చెప్పు ముందు." "నాన్నను లేపకు... లేపావా? సరే అడుగు." పేరు దొరికినవాడు దొరికినట్టు వచ్చి డోరతీ ముందు అప్పజెబుతుంటే, ఆవిడ ఒక్కొక్క పేరూ నోరు తిరగక తిరగక మళ్ళీ పలుకుతోంది. జనార్ధనరావు వంతు వచ్చింది. ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ కాసేపు ఏడిపించి, చెప్పింది.

బాలత్రిపురసుందరి మాత్రం ఒక మూల కుర్చీలో బిర్రబిగుసుకుని కూర్చుంది. డోరతీయే లేచి ఆవిడ దగ్గరికి వెళ్ళి, కంచె వైపు చూపిస్తూ, "ఇంత పెద్ద శామ్యూల్‌ని నేనెప్పుడూ చూడలేదు. ఇదొక్కటే నాకు కనబడే సైజు" అంది. బాలత్రిపురసుందరి కళ్ళు అప్పటిదాకా పడిన కోపాన్ని మరిచిపోయి చెమ్మగిల్లాయి. "తీసుకెళ్ళండి. అసోసియేషన్ బహుమతి" అంది. కళ్ళు తుడుచుకుని, "లామినేషన్ కూడా చేయించా" అంది.

నెలాఖరున ఝాన్సీలక్ష్మి డోరతీని రైల్వే స్టేషనుకు తీసుకెళుతోంది. సామాను ముందే వెళ్ళిపోయింది. వెనక సీట్లో ఒక చిన్న పెట్టె, ఈ కొస నుంచి ఆ కొసకు ఫ్లెక్సీ చుట్ట.

"జాన్సీ, ఆ డైపర్లు ఎవరికిచ్చావు?" అంది డోరతీ.

ఝాన్సీలక్ష్మి రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "తెలిసినవాళ్ళకే. ఎందుకు?"

"చూపు లేదు గానీ, డైపర్ల పెట్టె గుర్తుపట్టేపాటి ఉంది. నూట యాభై ఏళ్ళ కిందట పోయినవాడి ఇంటికి ఎవరూ డైపర్లు తీసుకురారు."

ఝాన్సీలక్ష్మి కారును పక్కకు తీసి ఆపేసింది. "అప్పుడే తెలిసిందా మీకు? మరి ఏమీ అనలేదేం?"

"ఇంకెవరికోసమో వచ్చారని తెలిసింది. తర్వాత నువ్వు మీ భాషలో వాళ్ళకేదో చెప్పావు. అప్పట్నుంచీ ఎవరు లేచి వెళ్ళిపోతారా అని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను." డోరతీ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఒక్క కారూ స్టార్టవలేదు."

రైలు టైమైందని డోరతీయే గుర్తుచేసింది.

కింగ్‌స్టన్‌లో ఆవిడ గదిలో ఒక గోడంతా ఇప్పుడు శామ్యూలే. అతని చుట్టూ చేతులు జోడించిన ఆ ఎనిమిదిమందీ ఎవరని అడిగినవాళ్ళకు, మా ముత్తాత తరఫు చుట్టాలు అని చెబుతోందట. ఆ సంగతి ఝాన్సీలక్ష్మి ఫోను చేసి చెబితే బాలత్రిపురసుందరి అంతా శ్రద్ధగా విని, తన బొమ్మ తలుపు వెనక్కి రాలేదు కదా అని అడిగింది.